వెలుగని తెరలు

ఈ ప్రసంగము వినుచున్నవారిలో ల్యాప్‌టాప్‌నకు వేరుగా మానిటర్లు తగిలించుకొని పనిచేయువారు పలువు రుందురు. యంత్రమును నడపు మూలవ్యవస్థను క్రొత్తదానికి మార్చిన మరునాడు, ఆ మానిటర్లు వెలుగక దిగులుపడి కూర్చున్నవారును కొంద రుందురు. వారిలో నే నొకడను. అప్పుడు నేను మూడు దినములు చేసిన పొరపాట్లను, వానివలన నేర్చుకొన్న పాఠమును చెప్పుటయే నేటి నా యుద్దేశము.

నేను పుస్తకములకు పుటలు కూర్చి జీవించువాడను. నా బల్లమీద మూడు తెరలుండును. నడుమ ల్యాప్‌టాప్ తెర; దాని కిరువైపుల రెండు మానిటర్లు. ఎడమ తెరమీద వ్రాతప్రతి, కుడి తెరమీద కూర్చుచున్న పుట, నడిమి తెరమీద నిఘంటువు ఉంచుకొని, మూడింటిని ఒక్కమారే చూచుచు పనిచేయుట నా కలవాటు. ఒక్క తెరతో ఈ పని చేయుట ఒంటిచేత్తో పూలదండ గ్రుచ్చుట వంటిది. చేయలేమని కాదు, తెల్లవారునప్పటికి మూరెడు దండయైనను కాదు.

2025వ సంవత్సరము కార్తికమాసమున మా ప్రాంతపు వృద్ధోపాధ్యాయు లొకరి గ్రంథము నా చేతిలో నుండెను. ముప్పది సంవత్సరములపాటు రైతుల నోట విని సేకరించిన వ్యవసాయపు మాటల కోశమది. వారి సహస్రచంద్రదర్శనోత్సవము నాటికి పుస్తకము వెలువడవలెనని శిష్యులు నిశ్చయించిరి. సోమవారము ఉదయమునకు పుటలు ముద్రణాలయమునకు చేరవలెను. అరువది పుటలు మిగిలియుండెను. అట్టి సమయమున శుక్రవారము రాత్రి నేను వ్యవస్థను నవీకరించితిని. పాత వ్యవస్థకు భద్రతాసంరక్షణము ముగిసినదని యంత్రము నెలరోజులుగా హెచ్చరించుచుండెను. పని ముగిసిన పిమ్మట చేయవలసినదానిని ముందుగా చేసితిని. అది నా మొదటి పొరపాటు.

నవీకరణమునకు ముందు బయటి తీగలన్నిటిని ఊడదీయుట మేలని విని, అట్లే చేసితిని. పని గంటన్నర పట్టెను. ఊరక కూర్చుండనేల యని ఆ సమయమున బల్ల తుడిచి, మానిటర్ల వెనుక పేరుకొనియున్న దుమ్ము దులిపి, తీగలన్నిటిని మరల చక్కగా అమర్చితిని. యంత్రము క్రొత్త వేషముతో మేలుకొన్నది. నడిమి తెర వెలిగినది. ఇరుప్రక్కల రెండును చీకటి.

నా మానిటర్లు రెండును డాక్ అను చిన్న పెట్టె ద్వారా ల్యాప్‌టాప్‌నకు కలుపబడియున్నవి. డాక్ నుండి ఒకే తీగ వచ్చి ల్యాప్‌టాప్ ప్రక్కనున్న టైప్-సి పోర్టులో చేరును. కీబోర్డు, మౌసు కూడ ఆ డాక్‌నకే తగిలించితిని. అవి రెండును చక్కగా పనిచేయుచుండెను. కనుక డాక్ బాగుగనే యున్నదని తలచితిని. నిన్న వెలిగిన తెర నేడు వెలుగలేదు. నడుమ జరిగినది వ్యవస్థ మార్పు. కావున దోషము దానిదే యని తీర్మానించితిని. ఆ తీర్మానము సగము నిజము. సగము నిజమైన తీర్మానము పూర్తిగా తప్పైనదానికంటె ఎక్కువ కాలము మనలను త్రిప్పునని తరువాత తెలిసినది.

శనివారము ఉదయము యంత్రములోని పరికరముల పట్టిక తెరచి చూచితిని. చిత్రములను తయారుచేయు గ్రాఫిక్స్ చిప్‌నకు దాని సొంత డ్రైవరు కనబడలేదు. దాని స్థానమున ఒక సామాన్యమైన తాత్కాలిక డ్రైవరుండెను. డ్రైవరనగా వ్యవస్థకును పరికరమునకును నడుమ నుండు దుబాసీ. తాత్కాలికపు దుబాసీకి నాలుగు మాటలు మాత్రమే వచ్చును. ఒక తెరను వెలిగించుటకు అవి చాలును, మూడింటికి చాలవు. నేను తయారీదారుల తావునుండి అసలు డ్రైవరును తెచ్చి నెలకొల్పితిని. తెరలు వెలుగలేదు. ఇది కాదు కాబోలునని దానిని తొలగించి పూర్వపుదానినే నిలిపితిని. పిమ్మట డాక్ తీగను ఊడదీసి, ల్యాప్‌టాప్‌నకు గల రెండవ టైప్-సి పోర్టులో పెట్టితిని. వెలుగలేదు. ఇదియు కాదని మొదటి పోర్టులోనికే మార్చితిని. సాయంకాలమునకు నాకు తెలిసిన ఉపాయములన్నియు ముగిసినవి. మరమ్మతు దుకాణమునకు ఫోను చేయగా, బోర్డు పోయియుండును, మార్చుటకు ఇరువది యేడు వేలగునని చెప్పిరి. ఆ గ్రంథమునకు నాకు ముట్టవలసిన ప్రతిఫలము అంతకన్న తక్కువ.

ఆదివారము ఉదయము నా మేనల్లుడు ఫోను చేసినాడు. అతడు హైదరాబాదులో కంప్యూటరు పనులు చేయువాడు. నా కథ అంతయు విని యిట్లడిగినాడు:

“మావయ్యా, డ్రైవరు వేసినా తెర రాలేదని మళ్ళీ తీసేశారా?”

“తీసేశానురా. పనికిరానిదాన్ని ఉంచడం ఎందుకూ?”

“తప్పు రెండుచోట్ల ఉంటే? ఒకటి దిద్దితే ఫలితం కనబడదు కదా! అవునుగాని, ఆ రాత్రి వ్యవస్థ కాక ఇంకేం మార్చారు?”

“ఏమీ లేదు. బల్ల తుడిచానంతే.”

“తీగలన్నీ తీసి మళ్ళీ పెట్టారన్నమాట!” అని అతడు నవ్వినాడు.

ఆ నవ్వుతో నాకు మా తండ్రిగారి శివారు పొలము జ్ఞాపకము వచ్చినది. మేము గోదావరి డెల్టావారము. మా పొలము కాలువ చిట్టచివర నుండెడిది. నీరు రానప్పుడు మా తండ్రిగారు పొలము గట్టున నిలిచి గోదావరిని తిట్టెడివారు కారు. పార భుజాన వేసికొని కాలువ వెంబడి ఎగువకు నడచెడివారు. బోదె చూచి, పిల్లకాలువ చూచి, తూము చూచి, నీరు ఎంతవరకు వచ్చి ఎక్కడ ఆగినదో కనుగొనెడివారు. ఒక్కొక్కమారు రెండు తూములు మూయబడియుండెడివి. దిగువ తూమును తెరచినంతమాత్రమున నీరు రాదు. రాలేదు గదా యని దానిని మరల మూసి ఎగువ తూమును తెరచినను రాదు. తెరచినదానిని తెరచియే యుంచి ఎగువకు పోవలెను. నేను శనివారము చేసినది మొదటి తూమును తెరచి మూయుట; పిమ్మట రెండవదానిని తెరచి మూయుట. రెండును ఒకేసారి తెరువబడిన క్షణ మొక్కటియు లేదు. రెండు చికిత్సలును సరియైనవే. రెంటిని నేనే నిరర్థకములని త్రోసివేసితిని.

మానిటరు కూడ శివారు పొలమే. చిత్రమనెడి నీరు దాని దగ్గరకు చేరుటకు ఆరు మజిలీలు దాటవలెను. మొదటిది గ్రాఫిక్స్ చిప్. రెండవది దానిచేత పనిచేయించు డ్రైవరు. మూడవది ల్యాప్‌టాప్ ప్రక్కనున్న పోర్టు. నాలుగవది డాక్ ఉన్నచో డాక్. అయిదవది కేబులు. ఆరవది మానిటరు. ఇందులో ఒక్క డ్రైవరు మాత్రమే వ్యవస్థ మార్పుతో నేరుగ ముడిపడినది. తక్కినవి వేరు కారణములచేత చెడవచ్చును. ఆ చెడుట యాదృచ్ఛికముగ అదే దినమున జరుగవచ్చును. కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు ఒక్కమారే జరిగినచో కాకియే పండును పడగొట్టినదనుకొనుట సహజము. మన పెద్దలు దీనికే కాకతాళీయమని పేరు పెట్టిరి.

కాకి దోషమో కాదో తేల్చుకొనుటకు మన తర్కశాస్త్రము అన్వయవ్యతిరేకములను చెప్పినది. ఇది యున్నచో అది యుండుట అన్వయము. ఇది లేనిచో అది లేకుండుట వ్యతిరేకము. వ్యవస్థ మార్పే కారణమైనచో, వ్యవస్థ ప్రమేయము లేనిచోట తెర వెలుగవలెను. మేనల్లుడు నాచేత చేయించిన పరీక్ష లన్నియు ఈ మార్గముననే నడచినవి.

మొదటి పరీక్ష: డాక్‌ను పూర్తిగా విడిచి, ఒక మానిటరును హెచ్.డి.ఎమ్.ఐ. తీగతో నేరుగ ల్యాప్‌టాప్‌నకే కలిపి, యంత్రమును ఆపి మరల ప్రారంభించితిమి. ప్రారంభించిన తొలి క్షణములలో వ్యవస్థ ఇంకను మేలుకొనదు. అప్పుడు కనబడు తయారీదారుని గుర్తు యంత్రముతో పుట్టిన ఫర్మ్‌వేర్ చూపునది. అన్ని ల్యాప్‌టాప్‌లును కాకున్నను పెక్కు ల్యాప్‌టాప్‌లు ఆ గుర్తును బయటి తెరమీద కూడ చూపును. నా మానిటరుమీద ఆ గుర్తు వెలిగినది; వ్యవస్థ మేలుకొనగానే మరల చీకటియైనది. ఈ ఒక్క చూపుతో మూడు సంగతులు తేలినవి. బోర్డు పోలేదు. ఆ తీగ మంచిది. ఆ మానిటరు మంచిది. ఇరువది యేడు వేలు మిగిలినవి.

రెండవ పరీక్ష: ఎదురింటి విద్యార్థిని తన ల్యాప్‌టాప్‌ను తెచ్చినది. నా డాక్‌ను దానికి తగిలింపగా నా మానిటర్లు రెండును వెలిగినవి. కావున డాక్‌యు, దానినుండి మానిటర్లకు పోవు తీగలును నిర్దోషములు. ఇక మిగిలినవి రెండే తూములు: నా డ్రైవరు, నా పోర్టు.

అసలు డ్రైవరును మరల నెలకొల్పి, ఈమారు దానిని కదల్పక యంత్రమును తిరిగి ప్రారంభించితిని. హెచ్.డి.ఎమ్.ఐ. తీగమీది మానిటరు వెలిగి నిలిచినది. ఒక తూము తెరువబడినది. పిమ్మట డాక్‌ను ఎప్పటి పోర్టులోనే పెట్టి చూచితిని, చీకటి. రెండవ పోర్టులో పెట్టితిని. రెండు మానిటర్లును వెలిగినవి. బల్ల తుడిచిన రాత్రి నేను తీగను ప్రక్క పోర్టులో పెట్టితినన్నమాట.

ఇచ్చట టైప్-సి పోర్టును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. 2014వ సంవత్సరమున వెలువడిన ఈ పోర్టు ఆకారము ఒక్కటే. లోపలి శక్తి ఒక్కటి కాదు. కొన్నింట సమాచారము మాత్రమే ప్రవహించును. కొన్నింట దానితోపాటు చిత్రమును కూడ పంపు డిస్‌ప్లేపోర్ట్ సౌకర్యము కలదు. చూచుటకు రెండును కవలపిల్లలు. సమాచారపు పోర్టులో పెట్టినప్పుడు కీబోర్డు, మౌసు పనిచేయుటలో వింత లేదు. వానికి కావలసినది సమాచారమే. అది చూచి డాక్‌నకు చిత్రము కూడ అందుచున్నదని నేను భ్రమపడితిని. చిత్రము పంపగల పోర్టు ప్రక్కన డి ఆకారములో ఇమిడిన పి అక్షరపు గుర్తుగాని, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తుగాని సాధారణముగ నుండును. గుర్తు లేనిచో యంత్రముతో వచ్చిన పొత్తమును చూడవలెను.

డాక్‌లలోను రెండు జాతులున్నవి. నాది మొదటి జాతి: ల్యాప్‌టాప్ పంపిన చిత్రమునే విభజించి మానిటర్లకు పంచును. రెండవ జాతి డిస్‌ప్లేలింక్ అను పద్ధతిది: చిత్రమును మామూలు సమాచారముగ మార్చి పంపి, డాక్‌లో మరల చిత్రముగ చేయును. దీనికి సమాచారపు పోర్టయినను చాలును. కాని దానికి వేరే డ్రైవరు కావలెను. వ్యవస్థ మార్చిన పిమ్మట ఆ డ్రైవరు లేకున్నను, క్రొత్త వ్యవస్థకు పొసగకున్నను, మానిటర్లన్నియు ఒక్కమారే చీకటియగును. కనుక తన డాక్ ఏ జాతిదో తెలిసికొనుట ప్రతి గృహస్థునకు అవసరము.

ఒక తెర వెలిగి రెండవది వెలుగనివారి సంగతి వేరు. అది తరచుగ ప్రవాహపు కొలతకు సంబంధించినది. మామూలు పూర్తి హెచ్.డి. తెరలో అడ్డముగ 1920, నిలువుగ 1080 చుక్కలుండును. అనగా 20,73,600 చుక్కలు. వానిని సెకనుకు 60 మార్లు దిద్దుటకు, నడుమ విడుపులతో కూడ, సెకనుకు సుమారు 356 కోట్ల బిట్లు పంపవలెను. డిస్‌ప్లేపోర్ట్ 1.2 పద్ధతిలో నాలుగు దారులును కలిసి 1728 కోట్లు మోయును. కాని పెక్కు డాక్‌లలో రెండు దారులను వేగవంతమైన సమాచారమునకు విడిచి, రెండింటినే చిత్రమున కిత్తురు. అప్పుడు మోయగలది 864 కోట్లే. ఇట్టి రెండు తెరలకు 712 కోట్లు చాలును. మూడవ తెరకు చోటు లేదు. నాలుగింతల చుక్కలు గల 4కె తెర ఒక్కటియైనను 60 మార్ల వేగమున దానిలో ఇముడదు. 30 మార్లకు దించినచో ఇముడును. వ్యవస్థ మారినప్పుడు పాత అమరికలు చెరిగి తెరలు హెచ్చు కొలతకు పోయినచో, నిన్నటివరకు ఇమిడినవి నేడు ఇముడకపోవచ్చును. అట్టివారు ఒక తెర కొలతనో వేగమునో తగ్గించి చూచినచో రెండవది వెంటనే వెలుగవచ్చును.

వేర్వేరు వ్యవస్థలవారికి వేర్వేరు మాటలు చెప్పి ముగింతును. విండోస్ వాడువారు విండోస్ గుర్తు గల మీటతో పి అక్షరమును నొక్కి, తెరలను విస్తరింపుమను ఎంపిక అమలులో నున్నదో లేదో మొదట చూడవలెను. ఒకే బొమ్మ అన్నిటిపై కనబడుటకు కారణము పెక్కుమార్లు అదియే. విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మీటలతో బి అక్షరమును కలిపి నొక్కినచో గ్రాఫిక్స్ డ్రైవరు మరల ప్రారంభమగును. డివైస్ మేనేజరులో బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని కనబడినచో అసలు డ్రైవరు లేదని యర్థము.

లినక్స్ వాడువారికి కెర్నెల్ మారినపుడెల్ల ఎన్విడియా, డిస్‌ప్లేలింక్ డ్రైవర్ల భాగములు దానికి తగునట్లు మరల నిర్మింపబడవలెను. సెక్యూర్ బూట్ అమలులో నున్నచో, సంతకము లేని భాగమునకు ప్రవేశము దొరకదు. ప్రారంభపు పట్టికనుండి పాత కెర్నెల్‌ను ఎన్నుకొని చూచుట వారికి అన్నిటికన్న సులువైన వ్యతిరేక పరీక్ష. పాతదానితో తెర వెలిగినచో తీగలను, డాక్‌ను వెదుక పనిలేదు.

ఆపిల్ సంస్థవారి ఎమ్1 చిప్ గల మ్యాక్‌బుక్ ఎయిర్ 2020లో వెలువడినప్పటినుండియు ఒక్క బయటి తెరనే అంగీకరించును. అట్టిదానికి రెండవ తెర వెలుగకున్నచో అది రోగము కాదు, జన్మలక్షణము. డిస్‌ప్లేలింక్ డాక్‌తో దానిని దాటవచ్చును.

ఎవరైనను చేయవలసిన క్రమ మిది. మొదట వ్యవస్థతోపాటు ఆ దినమున మరేమి మార్చితిమో కాగితముమీద వ్రాసికొనవలెను. బల్ల తుడుచుట కూడ వ్రాయవలెను. డాక్‌నకు, మానిటర్లకు విద్యుత్తును రెండు నిమిషము లాపి మరల ఇయ్యవలెను. డాక్ లోపలను చిన్న బుద్ధి యొకటి పనిచేయుచుండును, అది తికమక పడియుండవచ్చును. మానిటరు తన మీటతో సరియైన ద్వారమును ఎన్నుకొనియున్నదో చూడవలెను. పిమ్మట డాక్ లేకుండ ఒక మానిటరు, ఒక తీగ. అది వెలిగిన పిమ్మట డాక్‌తో ఒకటి. ఆ పిమ్మట రెండు. ప్రతి మజిలీలో ఒక్క వస్తువునే మార్చవలెను. మంచిదని వేరుగ రుజువైనదానిని, ఫలితము కనబడలేదని వెనుకకు తీయరాదు. వ్యవస్థనంతయు తుడిచి మరల వేయుట చివరి మాట. చేతిలో గడువుపని యున్నప్పుడు నవీకరణమునే వాయిదా వేయుట మొదటి మాట.

ఆదివారము మధ్యాహ్నము మూడు గంటలకు నా మూడు తెరలును వెలిగినవి. అరువది పుటలును తెల్లవారుజాము నాలుగు గంటలకు ముగిసినవి. సోమవారము ఉదయము ముద్రణాలయమునకు పుటలు చేరినవని చెప్పగా, మాస్టారు వెంటనే శివారు అను మాట ఏ పుటలో వచ్చినదని యడిగిరి. చెప్పితిని. ల్యాప్‌టాప్ ప్రక్కనున్న రెండు పోర్టులలో చిత్రము పంపుదానిని గుర్తుపట్టుటకు మా యింటివారు దాని ప్రక్కన ఎఱ్ఱని బొట్టుబిళ్ళ యొకటి అంటించిరి. ఇప్పుడు బల్ల ఎవరు తుడిచినను భయము లేదు. సెలవు.